మేనత్త దాహం, బారెడు కేబుల్

గ్లాసెడు మంచినీళ్ళు ఇవ్వడానికి మనిషి కుర్చీలోంచి లేవడం అనాగరికం! ఈ మాట నేను కుర్చీలోంచి లేవకుండా, పూర్తి బాధ్యతతో అంటున్నాను.

మా మేనత్తకి మోకాలి ఆపరేషన్ అయింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, వేరే ఎక్కడుంటుంది? వంటింటికీ నా కంప్యూటర్ గదికీ మధ్యనున్న గదిలో మంచం వేశాం. గంటకోసారి "ఒరేయ్, కాసిని నీళ్ళు పట్రారా!" అని కేకేస్తుంది. మామూలు మేనల్లుడైతే లేచి ఇచ్చేస్తాడు. దానివల్ల విజ్ఞానశాస్త్రానికి ఒరిగేదేమిటి?

నేను రోబో చేశాను.

నాలుగు చక్రాలు, పైన ఓ పళ్ళెం, లోపల అగ్గిపెట్టెంత బోర్డు. దాని మీది చిప్పే రోబోకి బుర్ర. కంప్యూటర్‌లో నేను రాసిన ప్రోగ్రాంలో బటన్ నొక్కితే, ఆజ్ఞ కేబుల్ గుండా ఆ బుర్రకి చేరుతుంది. బుర్ర తక్షణం "ఓకే" అని జవాబు పంపుతుంది. మీ ఇంట్లో మీ మాటకి ఎవరైనా తక్షణం ఓకే అన్నారా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి!

ఓకే అన్నాక కదలకపోవచ్చు. అది వేరే సంగతి.

మొదట్లో "పోర్టు దొరకలేదు" అంది కంప్యూటర్. పోర్టంటే కేబుల్ గుచ్చే చోటు. కేబుల్ పీకి మళ్ళీ పెట్టాను. "పోర్టు వేరొకరి వాడకంలో ఉంది" అంది. ఎవడా వేరొకడు అని ఇల్లంతా అనుమానించాను. తీరా చూస్తే, చిప్‌లోకి కోడ్ ఎక్కించడానికి నేనే తెరిచి మరిచిపోయిన ఇంకో ప్రోగ్రాం! నాకు అడ్డం నేనే అని తెలిసింది. ఇలాంటి ఆత్మజ్ఞానం కోసం పూర్వం అడవులు పట్టిపోయేవారు.

తర్వాత ఎడమ నొక్కితే కుడికి పోయింది. మోటార్ల తీగలు తారుమారయ్యాయి. విప్పి సరిచేయాలంటే స్క్రూడ్రైవర్ కోసం లేవాలి. నేను కూర్చున్నచోటే బటన్ల మీద పేర్లు మార్చేశాను. అవతలివాళ్ళు మారరు, మనమే సర్దుకుపోవాలి. సంసారం కూడా ఇంతే కదా!

కేబుల్ బారెడే. రోబో నా కుర్చీ దగ్గర బయల్దేరి గడపకి జానెడు ఇవతల ఆగిపోతుంది. వైర్‌లెస్ పెట్టొచ్చుగా అంటారు తెలియనివాళ్ళు. పగ్గం లేని ఎద్దు, కేబుల్ లేని రోబో ఎటు పోతాయో మీరు హామీ ఇస్తారా?

ప్రారంభోత్సవం రోజున అత్త కేకేసింది. నేను వంటింట్లోకి వెళ్ళి గ్లాసు నింపి, తెచ్చి, రోబో పళ్ళెంలో పెట్టి, కుర్చీలో కూర్చుని ఠీవిగా "ముందుకి" నొక్కాను.

"ఏవండీ, ఆ గ్లాసేదో ఇలా ఇస్తే నేనిచ్చేస్తాగా" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

"ముట్టుకోకు! ప్రయోగం పాడవుతుంది!"

రోబో గడప దాకా వెళ్ళి ఆగింది. సగం నీళ్ళు నేలపాలయ్యాయి. మిగతా సగం విజయమే కదా! "అత్తా, నీళ్ళు రెడీ! వచ్చి తీసుకో!" అన్నాను.

చేతికర్ర పట్టుకుని, గోడ ఊతం చేసుకుని వచ్చింది పాపం. డాక్టరు నడవమనే అన్నాడు. అంటే నా రోబో వైద్యం కూడా చేస్తుందన్నమాట! వంగలేకపోతే మా ఆవిడ గ్లాసు అందించింది. అత్త తాగి, మూతి తుడుచుకుంది.

"బాగుందిరా. దీని మీద గ్లాసు పెట్టిందెవరు?"

"నేనే."

"వంటింట్లోంచి తెచ్చిందీ నువ్వేగా?"

"నేనే, అత్తా."

"నా గుమ్మం ముందు నుంచేగా తెచ్చావు?"

అది ఇంటికి ప్లాను గీసినవాడి లోపమని వివరించబోయాను. అత్త వినలేదు.

"గంటకోసారి దాహం ఎవరికేస్తుందిరా? నీళ్ళ వంకనైనా వస్తే, కాసేపు కూర్చుని కబుర్లు చెబుతావని పిలిచేదాన్ని."

అప్పటి నుంచి అత్త నన్ను నీళ్ళు అడగలేదు. రోబో ఉన్న ఇంట్లో దాహమే ఉండదని దీనితో రుజువైంది! ఇంతకన్నా వరం ఏం కావాలి?

ఇప్పుడు పనులయ్యాక మా ఆవిడ వెళ్ళి ఆ మంచం మీద కూర్చుంటోంది. ఇద్దరూ ఏవో చెప్పుకుని పడీపడీ నవ్వుతారు. "ఏమిటా నవ్వు?" అని ఇక్కణ్ణుంచి ఎంత అరిచినా ఒక్కరూ ఓకే అనరు.

నాకూ వెళ్ళాలనే ఉంటుంది. ఏం చేయను, కేబుల్ చాలడం లేదు.