మూత తెరిచిన నేరం

బీమా ఆఫీసులో క్లెయిములు పరిశీలించే కామాగారింట్లో లాప్‌టాప్ బ్రాండ్ ఎంపిక శాస్త్రోక్తంగా, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా, ముఖ్యంగా దాన్ని వాడబోయే మనిషిని సంప్రదించకుండా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కామాగారన్నది తోటి ఉద్యోగులు ముచ్చటపడి పెట్టుకున్న పేరు. ఎంత పెద్ద క్లెయిమునైనా ఒక్క కామా చూపించి తోసిపుచ్చగల సమర్థుడాయన. వరదలో ఇల్లు మునిగిన ఒకాయన్ని, నీళ్ళు గుమ్మంలోంచి వచ్చాయో కిటికీలోంచి వచ్చాయో సాక్ష్యాలతో తేల్చుకు రమ్మని పంపిన ఘనత ఆయనదే. ఆ పెద్దమనిషి ఇంకా తేల్చుకుంటూనే ఉన్నాడు.

లాప్‌టాప్ ఆయన భార్యకి. పెళ్ళయ్యాక మూలపడిన ఆవిడ చదువుకి ఇన్నాళ్ళకి ఓ పని దొరికింది. తోటల పెంపకం మీద ఒక లావుపాటి పుస్తకానికి అచ్చుతప్పులు దిద్దాలి. నెలాఖరుకి దిద్ది ఇచ్చేస్తే ఆ ప్రచురణ సంస్థ పుస్తకాలన్నీ ఇకమీదట ఆవిడకే. ఆ సంతోషంలో ఆవిడకి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. కళ్ళు లాగని తెర, మెత్తగా నొక్కుకునే మీటలు ఉంటే చాలంది. ఇవన్నీ భావోద్వేగాలకు సంబంధించిన కోరికలని కామాగారు పక్కన పెట్టేసి, అందరికంటే ఎక్కువ కాలం వారంటీ ఇచ్చే కంపెనీని ఎంచారు. సేల్స్‌మన్ ఒకసారి ఆన్ చేసి చూపిస్తానంటే అక్కర్లేదన్నారు. వారంటీ పుస్తకాన్ని మాత్రం అరచేతిలో తూచి చూసి, ఇంత బరువుందంటే లోపల ఎన్ని హామీలున్నాయో అని పొంగిపోయారు. ఊరందరి షరతులూ చదివే మనిషి, తనదాకా వచ్చేసరికి మీలాగే, మాలాగే, చదవకుండా నమ్మేశారు.

పుస్తకం సగం దిద్దేసరికి లాప్‌టాప్ మూతను పట్టి ఉంచే బందు విరిగింది. తెర వెనక్కి వాలిపోయి నల్లబడింది. ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. కామాగారు మాత్రం చిరునవ్వు నవ్వారు. ఇలాంటి రోజు కోసమే కదా ఆ బ్రాండ్ ఎంచింది. కొత్తది ఇప్పిస్తానని ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకుని సర్వీస్ సెంటర్‌కి బయల్దేరారు.

కౌంటర్‌లోని ఉద్యోగి లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి ఎంతో మర్యాదగా చెప్పాడు. "మూత తెరవడం వల్ల విరిగింది సార్. వారంటీ రాదు."

"తెరవకుండా ఎలా వాడతారండీ?"

"వాడమని మేం ఎక్కడా చెప్పలేదు సార్. మూసే ఉంచండి. అప్పుడు కూడా విరిగితే తీసుకురండి, వెంటనే మార్చేస్తాం."

ఇక తన భర్త బల్ల గుద్దడమే తరువాయి అనుకుంది ఆవిడ. కానీ కామాగారి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ సర్వీసులో తనకి తట్టని మాట అది. ఆ ఉద్యోగి చెయ్యి పట్టుకుని, ఇంతటి క్రమశిక్షణ గల సంస్థలు ఉండబట్టే దేశం ఈమాత్రమైనా నిలబడి ఉందని అక్కడికక్కడే ఉపన్యసించారు. వరసలో నిలబడ్డవాళ్ళు తమ పాడైన లాప్‌టాప్‌లను చంకలో పెట్టుకుని మరీ చప్పట్లు కొట్టారు. మర్నాడు ఆఫీసులో, వంటిల్లు కాలిపోయి వచ్చిన ఒకావిడకి, పొయ్యి వెలిగించడం వల్ల కాలింది కనుక డబ్బు రాదని, వెలిగించకుండా కాలితే తప్పక రమ్మని కామాగారు ఓపిగ్గా వివరించారు.

నెలాఖరు దాటింది. ప్రచురణ సంస్థ ఆ పుస్తకాన్ని ఇంకొకరికి ఇచ్చేసింది. ఇకమీదటి పుస్తకాలు కూడా వాళ్ళకేనట.

"మరి పోయిన నా పని సంగతేమిటండీ?" అని అడిగింది ఆవిడ.

యంత్రం ఆగితే దానివల్ల ఆగిన పనులకి కంపెనీ బాధ్యత వహించదని, అది న్యాయమేనని కామాగారు సెలవిచ్చారు.

"నేనడిగింది కంపెనీని కాదు, మిమ్మల్ని."

దానికాయన, "నేను ఫలానాది చేస్తానని నీకెక్కడైనా రాసిచ్చానా?" అన్నారు. అందులో కోపమేమీ లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. అన్ని నిబంధనలు తెలిసిన భర్త దొరకడం ఆవిడ అదృష్టమని చుట్టాలంతా అనుకున్నారు. లాప్‌టాప్ కొనాలనుకునే వాళ్ళు ఇప్పటికీ ఆయన సలహాకే వస్తారు. దాని మీద సగం పుస్తకం దిద్దిన ఆవిణ్ణి ఒక్కరూ పలకరించరు. అందరూ అడిగేది ఒకటే, అంత కాలం వారంటీ ఇచ్చే ఆ కంపెనీ ఏదని. ఈపాటికి మీకూ అదే అడగాలనిపించి ఉంటుంది.