లారీ గుంత దాటితేనే మనిషి

మనిషంటే ఎవరన్న ప్రశ్నకు మహామహులు చెప్పలేకపోయిన జవాబును మన ప్రజాసౌలభ్య శాఖ వెబ్‌సైటు చెప్పేసింది. డప్పు దెబ్బకు సరిగ్గా బటన్ నొక్కి, తెరమీది లారీని గుంత దాటించినవాడు మనిషి. మిగిలినవాళ్లు రోబోలు.

పూర్వం వంకర అక్షరాలు చూసి టైపు చేస్తే సరిపోయేది. అందువల్ల చదువురానివారికి అన్యాయం జరుగుతోందని గ్రహించిన లయవేగ నిర్ధారణాధికారి (పదవి కొత్తది, కారూ కొత్తదే) ఈ ఆట పెట్టించారు. బ్రౌజరు తెరిస్తే చాలు, డప్పు మోగుతుంది, లారీ పరుగెత్తుతుంది. దెబ్బకొక నొక్కు, నొక్కుకొక గెంతు. గుంతలో పడితే దరఖాస్తు మొదటికొస్తుంది.

సత్యనారాయణపేట సేవాకేంద్రంలో మా క్యూ ఈ పరీక్షకే నిలబడింది. నా ముందున్న వెంకటరామి సొంత లారీలో ఖనిజం తోలి తోలి తల నెరిసినవాడు. గుంత కనబడగానే అలవాటు కొద్దీ పక్కకు తిప్పబోయాడు. రోబో అని తేలింది. "నా లైసెన్సు చూడప్పా!" అని అరిచాడు. (లైసెన్సు రోబోలకు కూడా ఉండవచ్చునని నియమం.)

తర్వాత రాహేలక్క. ఆస్పత్రిలో ఆయా. కూతురు యూనీస్‌కు నర్సింగ్ సీటు వచ్చింది. ఫీజు రాయితీ కోసం ఆదాయ ధ్రువపత్రం శుక్రవారం లోగా ఇవ్వకపోతే ఆ సీటు పోతుంది. అక్క మిషన్ చర్చి పాటల బృందంలో ముందు వరుస మనిషి కాబట్టి తాళం ఆమెకు ఒక లెక్కా అనుకున్నాం. మొదటి గుంతలోనే పడింది.

"ఏందక్కా, డప్పు కొడ్తానే నొక్కల్ల గదా! స్వల్ప బేగ, రవంత తొందరగా!" అన్నాడు కౌంటరు గుమాస్తా నెట్టికంటప్ప.

"అట్లెట్ల నొక్కేదప్పా? మా చర్చిలో ముసలోళ్లు చరణం ముగించేదాకా ఆగి, అందరం కలిసే ముందుకు పోతాం. ఎనకొచ్చేవాళ్లు రావద్దా?"

"ఈడ ఎనక ఎవురూ లేరక్కా. లారీ ఒకటే ఉండాది."

యూనీస్ తన ఫోనులో ఆట తెరిచి తల్లికి శిక్షణ మొదలుపెట్టింది. అక్క గంజి వారుస్తూ నొక్కింది, బస్సులో నిలబడి నొక్కింది. ఆదివారం నాటికి ఫలితం కనిపించింది. సంఘమంతా ఇంకా మూడో చరణంలో ఉండగా రాహేలక్క పాట ముగించి కూర్చుంది. ముసలి రెజీనమ్మ కళ్లజోడు తీసి చూసిన చూపుకు ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఏడ్చింది. "దేవుడు ఆగుతాడులే, శుక్రవారం ఆగదు గదా" అంటూ మళ్లీ ఫోను తీసుకుంది.

శుక్రవారం సాయంత్రం క్యూ అంతా మెడలు చాచి చూసింది. రాహేలక్క లారీ ఒక్క గుంతలోనూ పడలేదు. వెంకటరామి ఈల వేశాడు. "మనిషే!" అని నెట్టికంటప్ప ధ్రువీకరించాడు. అక్క ఆనందంతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో తెరమీద శాఖవారి ఉత్తర్వు వచ్చింది. నెట్టికంటప్పే గట్టిగా చదివాడు.

"దరఖాస్తుదారు ఆటలో కనబరిచిన నైపుణ్యం మిక్కిలి తీరిక గలవారికే సాధ్యము. ఇంత తీరిక గల కుటుంబం పేదదని నమ్మజాలము. తిరస్కరించడమైనది."

"ఇప్పుడేం చేయల్లప్పా?" రాహేలక్క కౌంటరు మీదికి వంగింది.

"అప్పీలు ఉండాదక్కా. అది రెండో లెవెలు. సోమవారం తెరుస్తారు."

"సీటుకు ఈపొద్దే ఆఖరు గదప్పా!"

"భయపడొద్దక్కా," నెట్టికంటప్ప ధైర్యం చెప్పాడు. "సీటు పోతే పోతాది, ఆట యాడికీ పోదు."