అయ్యగారు కారు కింద ఉండారు

ఆ బుధవారం తెల్లవారుతూనే మార్కాపురంలో జ్ఞానయ్య పాస్టరుగారు రెండు పనులు పెట్టుకున్నారు. ఒకటి, పుల్లలచెరువు అవతలి పల్లెలో తన సంఘానికి చెందిన శిల్ప పెళ్ళి జరిపించడం. రెండోది, అంతకన్నా ముందు తన పాత కారు హ్యాండ్‌బ్రేకు బాగుచేయడం. మొదటిదాని గురించి ఊరందరికీ తెలుసు. రెండోదాని గురించి మాత్రం ఆయన పాత లుంగీ కట్టుకుని, జాకీ పట్టుకుని వాకిట్లో కూర్చున్నాకే భార్య ఏసురత్నమ్మకు తెలిసింది.

"ఈ పొద్దేనా?" అంది ఆమె కాఫీ గ్లాసుతో గడపలో నిలబడి.

"ఆ చర్చి మిట్ట మీద ఉండాదే. పెళ్ళిలో మన కారు వెనక్కి జారి వంట పొయ్యి మీదికి పోతే ఏం మర్యాద?"

"ఇన్నేళ్ళూ గేరులో పెట్టి ఆపుతానే ఉండావు గదా!"

"కొత్త కాపురం మొదలుపెట్టే పిల్లకాయల ముందర మన పాత అలవాట్లు చూపగూడదు ఏసురత్నం."

జ్ఞానయ్యగారు పట్టిన పని వదిలే మనిషి కారు. అడవి అంచు పల్లెలకు బస్సు కూడా సరిగా పోని రోజుల నుంచి సైకిలు మీద తిరిగారు. కారు కొన్నాక అందులో ఆయన ఎక్కినదానికంటే ఆసుపత్రికి పోయే నిండు చూలాళ్ళు ఎక్కిందే ఎక్కువ. చర్చి హార్మోనియం, బడి గంట, ఊరి బోరింగు అన్నీ ఆయన చేతుల మీద బాగుపడినవే. హార్మోనియం ఒక్కటి మాత్రం అప్పటి నుంచి రెండు శ్రుతుల్లో మోగుతోంది.

వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు రెండూ ఊడదీసి, లోపలి దుమ్ము తడిగుడ్డతో తుడిచి, బ్రేకు షూలు చూశారు. అరగలేదు, ఇంకా మందంగానే ఉన్నాయి. డ్రమ్ములు మళ్ళీ ఎక్కించారు. షూలు డ్రమ్ముకు ఒరుసుకునేదాకా లోపలి పళ్ళచక్రాన్ని బిగించాలి, తర్వాత బండిచక్రం తేలిగ్గా తిరిగేటట్టు కాస్త వెనక్కి వదలాలి. ఎడమ పక్క అలాగే చేశారు. ముచ్చటగా వచ్చింది. కుడి పక్క బిగించడం అయింది. ఇక వదలాలి అనుకుంటుండగా ఫోను మోగింది.

పెళ్ళికొడుకు గిద్యోను. "అయ్యగారూ, వందనాలు. ప్రమాణం అడిగినప్పుడు 'అవును' అనాల్నా, 'ఒప్పుకుంటాండాను' అనాల్నా? రాత్రి నుంచి నిద్ర లేదు."

పాస్టరుగారు జాలిపడి, అక్కడే నేల మీద కూర్చుని, ప్రమాణమంతా ఒక్కొక్క మాటే చెప్పి పలికించారు. పెళ్ళికొడుక్కి ధైర్యం వచ్చింది. ఆ సంతోషంలో పాస్టరుగారు లేచి, జాకీ దించి, హ్యాండ్‌బ్రేకు తీగ కూడా గట్టిగా లాగి బిగించి, స్నానానికి వెళ్ళిపోయారు. కుడి చక్రానికి వదలవలసిన ఆ కాస్తా వదలనే లేదు.

కారు బయల్దేరింది గానీ బరువుగా కదిలింది.

"బండి మూలుగుతాందే," అంది ఏసురత్నమ్మ.

"మూలుగు గాదు. పట్టు. బ్రేకు పట్టు అట్లుండాల."

ఎర్రగొండపాలెం చేరేసరికి మాడువాసన మొదలైంది. రోడ్డు పక్కన ఎవరో చెత్త తగలబెట్టినట్టున్నారని ఆయన అన్నారు. ఊరు దాటినా వాసన పోలేదు. చేలు దాటినా పోలేదు.

"ఆ చెత్త మనతోపాటే పెళ్ళికి వస్తాండాది," అంది ఆమె.

పుల్లలచెరువు ఇంకా దూరం ఉందనగా ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. మంద వెనక ఆయన ఎరిగిన కాపరి కాటమరాజు రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. "అన్నా! ఆపు! వెనకల చక్రం కాడ పొగ లేస్తాండాది!"

పాస్టరుగారు ఆపారు. ఆపడానికి పెద్దగా కష్టపడనవసరం లేకపోయింది. కుడి వెనక చక్రం నుంచి నీలంగా పొగ వస్తోంది. కాటమరాజు మంచి మనిషి. ఆ ఎండలో తాను తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ క్యాను మూత తీశాడు.

"పోయొద్దు రాజన్నా, కాలిన ఇనుము పగుల్తాది!" అని పాస్టరుగారు అనేలోపే పోసేశాడు. బుస్సుమని ఆవిరి మనిషెత్తు లేచింది. గొర్రెలు బెదిరి తలో దిక్కుకు పారిపోయాయి. కాటమరాజు క్యాను పారేసి వాటి వెంట పరుగెత్తాడు. అదృష్టం బాగుండి డ్రమ్ము పగల్లేదు. పాస్టరుగారు పెళ్ళికని ఇస్త్రీ చేసుకున్న తెల్లబట్టలతోనే కారు కింద దూరారు.

ఏసురత్నమ్మ సిగ్నలు వెతుక్కుంటూ పక్కనున్న గుట్టెక్కి, శిల్ప నాయన గోవిందయ్యకు ఫోను చేసింది. గాలి హోరు, గొర్రెల అరుపులు, మధ్యమధ్య తెగిపోయే మాట. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. "గోవిందన్నా... కారు... వెనక చక్రం కాడ పొగ... కాలిపోయింది... గొర్రెలు అడ్డం... అయ్యగారు కారు కింద ఉండారు... మీరు కానియ్యండి..." అంతలో ఫోను ఆగిపోయింది.

గోవిందయ్య చర్చి ముందు షామియానా కింద ఫోను పట్టుకుని అలాగే కూలబడ్డాడు.

"ఏందయ్యా?" అన్నారు చుట్టాలు.

"గొర్రెలు అడ్డమొచ్చి కారు పల్టీ కొట్టింది. కాలిపోయింది. అయ్యగారు... కారు కింద ఉండారంట."

ఏడుపులు లేచాయి. గోవిందయ్య మళ్ళీ ఫోను చేసి, అందరికీ వినబడేటట్టు స్పీకరు పెట్టాడు. మీరు పిలిచిన వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరని ఒక ఆడగొంతు నిదానంగా చెప్పింది. దాంతో ఉన్న అనుమానం కూడా తీరిపోయి, ఏడుపు రెండింతలైంది. పెళ్ళిపాటలకని వచ్చిన హార్మోనియం రెండు శ్రుతుల్లోనూ విషాద గీతం అందుకుంది.

ఏడవనిది పెళ్ళికూతురు ఒక్కతే. తెల్లచీర, తలలో మల్లెలు, చేతిలో పూలగుత్తితో శిల్ప బయటికి వచ్చింది.

"నాయనా, పొగ యాడ వచ్చిందనింది అమ్మగారు?"

"వెనక చక్రం కాడంట తల్లీ."

"ఆ కారుకు ఇంజను ముందర ఉంటాది. కారంతా కాలితే వెనక చక్రం సంగతి ఎవరు చెప్తారు? బ్రేకు షూలు పట్టేసింటాయి." పూలగుత్తి తండ్రి ఒళ్ళో పెట్టింది. "అయ్యగారు బాగు చేసింటాడు." ఏడుపుల హోరులో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

శిల్ప ఐటీఐలో మెకానిక్కు పని నేర్చుకుంది. ఆడపిల్లకు స్పానర్లేందని ఊరంతా నవ్వినప్పుడు, గోవిందయ్యను ఒప్పించి, తన కార్లోనే తీసుకుపోయి చేర్చింది జ్ఞానయ్యగారే. ఇప్పుడు ఆమె మార్కాపురంలో ట్రాక్టర్ల షెడ్డులో పనిచేస్తోంది. ఎంత మొండి ఇంజనైనా ఆమె చెయ్యి పడితే మాట వింటుందని రైతులు చెప్పుకుంటారు. ఇంట్లోంచి పనిముట్ల సంచి తెచ్చి, "బండి తియ్యి," అంది గిద్యోనుతో. గిద్యోను తీశాడు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వెనకాల కూర్చుంది.

బండి రేపిన దుమ్ము అణిగాక ఎవరో కేక పెట్టారు. "అయ్యో, పెళ్ళికూతురు లేచిపోయింది!"

"ఎవుడితో?"

"పెళ్ళికొడుకుతోనే!"

ఆ మాటకు కొందరు ఏడుపు మధ్యలోనే నవ్వేశారు.

అక్కడ రోడ్డు పక్కన పాస్టరుగారు కారు కింది నుంచి పాక్కుంటూ బయటికి వచ్చేసరికి ఎదురుగా తెల్లచీర కనబడింది.

"నువ్వేందమ్మా ఇక్కడ? పెళ్ళి ఎవురికి?"

"మీరు పోయినారని అక్కడ ఏడుస్తాండారు అయ్యగారూ. పక్కకు జరగండి."

ముందు డ్రమ్ము పూర్తిగా చల్లారనిచ్చింది. హ్యాండ్‌బ్రేకు తీగ వదులు చేసింది. గిద్యోను జాకీ ఎత్తుతుంటే, పెళ్ళిచీరతోనే నేల మీద కూర్చుని, చక్రం వెనకున్న సందులోంచి స్క్రూడ్రైవరు దూర్చి పళ్ళచక్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పింది. చక్రాన్ని చేత్తో ఒక్క తిప్పు తిప్పితే గాలికి పంకా తిరిగినట్టు తిరిగింది. ఎడమది కూడా చూసి, "ఇది మాత్రం బలే చేసినారు," అంది. పాస్టరుగారి ముఖం వెలిగిపోయింది. చివర తీగను సరిపడా బిగించి హ్యాండ్‌బ్రేకు కర్ర లాగి చూసింది. నాలుగైదు టిక్కులకే గట్టిగా పట్టింది. గొర్రెల్ని కూడేసుకుని వచ్చిన కాటమరాజు, జాకీ దించిన కారును వెనక నుంచి రెండు చేతులా తోసి చూసి, కదలకపోయేసరికి ఆమెకు దండం పెట్టాడు.

"నీ చెయ్యి చల్లగుండ! మా మేనల్లుడికి నీ మాదిరి పిల్ల ఉంటే చెప్పు తల్లీ," అన్నాడు. గిద్యోను జాకీని గట్టిగా పట్టుకుని ఆమె పక్కకు జరిగాడు.

చర్చి మిట్ట మీద పాస్టరుగారు కారాపి, హ్యాండ్‌బ్రేకు లాగి, కాలు తీశారు. కారు వెంట్రుకవాసి కదల్లేదు. లోపలి నుంచి గోవిందయ్య గొంతు వినబడుతోంది. జనమంతా తలలు వంచుకుని ఉన్నారు. గుమ్మం దగ్గర పాస్టరుగారు ఆగిపోయారు.

"...వానలో, ఎండలో మాకోసం వచ్చినాడు ప్రభువా. మా పిల్లోళ్ళకు బడి చూపించినాడు. నా బిడ్డకు రెక్కలిచ్చినాడు. అట్లాంటోడు మళ్ళీ పుడతాడా?"

"లోపలికి పో," అని భార్య మోచేత్తో పొడిచింది.

"ఉండవే. ఇప్పుడే మొదలుపెట్టినాడు." ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆమెవి కూడా తడిగానే ఉన్నాయి గానీ, ఆమె అటువైపు తిరిగి తుడుచుకుంది.

గోవిందయ్య ఎక్కిళ్ళు మింగి కొనసాగించాడు. "ఒక్కటే ప్రభువా. ఆయన ప్రసంగం ఎత్తుకుంటే వండిన అన్నం చల్లారిపోయేది. పిల్లోళ్ళు నిద్రపోయేటోళ్ళు. మేం ఎప్పుడూ అనలేదు. ఇంక రాబోయే అయ్యగారినైనా..."

"ఆమేన్!" అంటూ జ్ఞానయ్యగారు లోపలికి అడుగుపెట్టారు.

గోవిందయ్య కెవ్వుమన్నాడు. హార్మోనియం వాయించేవాడు హార్మోనియం వెనక దాక్కున్నాడు. అయ్యగారు బతికే ఉన్నారని తెలిశాక జనం మీదపడి ఆయన్ను కావలించుకున్నారు. ఆయన బట్టల నల్లమరకలు సగం ఊరికి అంటుకున్నాయి. కొంగుకు గ్రీజుతో, ముంజేతుల దాకా మసితో పెళ్ళికూతురు వచ్చి నిలబడితే, ముసలమ్మలు ముఖం కడుక్కోమనలేదు. అలాగే దిష్టి తీశారు. గిద్యోను ప్రమాణం అడగక ముందే 'అవును' అన్నాడు, అడిగాక 'ఒప్పుకుంటాండాను' అన్నాడు.

ఆనాటి ప్రసంగం జ్ఞానయ్యగారి జీవితంలోకెల్లా చిన్నది. అంత గొప్ప ప్రసంగం ఎన్నడూ వినలేదని ఊరంతా ఆయన్ను మెచ్చుకుంది. ఆయన మాత్రం ఇంటికి వెళ్ళేదాకా మూతి ముడుచుకునే ఉన్నారు.