పదకొండు దెబ్బలు, చెక్కుచెదరని పళ్ళెం

బుధవారం పొద్దున ఎలిబెర్తో మాయెస్తాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలువ తూము దగ్గరికి వెళ్ళి మూడంటే మూడుసార్లు తుపాకీ పేల్చాలి. ఎనభై గజాల దూరంలో అట్టపెట్టెకు గుచ్చిన కాగితం పళ్ళెంలో మూడు చిల్లులు చూసుకోవాలి. తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చి, భార్య ఓరాలియా కాల్చే వేడి రొట్టెలు పచ్చిమిరప పులుసులో ముంచుకుని తినాలి.

శనివారం వేట మొదలు. వేట అనుమతి కోసం తొమ్మిదేళ్ళు వరసగా చీటీ పెడితే ఈ ఏడు అతని పేరు వచ్చింది. ఒకే ఒక్క మగ ఎల్క్ దుప్పి, తొమ్మిది రోజుల గడువు, అది కూడా మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకీతోనే. అలాంటి తుపాకీకి ఉండేది ఒకటే దెబ్బ. అది తప్పితే, మళ్ళీ మందు పోసి, గుడ్డముక్కలో గుండు చుట్టి, కడ్డీతో దిగ్గొట్టేలోపు దుప్పి పక్క జిల్లాలో మేస్తుంటుంది.

ఆ తుపాకీని చేసింది ఓరాలియా అన్న ఫిలిమోన్. ముప్ఫై ఏళ్ళుగా, ఎవరికి ఏ చీటీ వస్తే దాని కోసం, బావలిద్దరూ కలిసే కొండెక్కుతున్నారు. ఇదే ఆఖరుసారి. ఫిలిమోన్ మోకాలికి అక్టోబరులో ఆపరేషను ఉంది. ఆ తర్వాత ఎత్తులు ఎక్కే మాట మరిచిపొమ్మని డాక్టరు చెప్పేశాడు. ఆపరేషను ముందే చేస్తామన్నా, వేట అయ్యాకే అని ఫిలిమోన్ పట్టుబట్టాడు. "దుప్పి దొరికిందా సరే, దొరకలేదా సరే. నీ పక్కన ఆ గట్టు మీద ఇంకొక్కసారి కూర్చుంటే చాలు బావా" అన్నాడు. ఫిలిమోన్ నోటి నుంచి ఒకే రోజు అన్ని మాటలు రావడం అరుదు. అందుకే ఎలిబెర్తో దాన్ని గుర్తుపెట్టుకున్నాడు.

మొదటి గుండు పళ్ళేనికి జానెడు పైన పడింది. రెండోది మూరెడు పైన, కాస్త ఎడమగా. మూడోది ఎక్కడ పడిందో అట్టపెట్టెకు కూడా తెలియలేదు.

తూము దగ్గర ఫోను పలకదు. ఎలిబెర్తో బండెక్కి, మట్టిరోడ్డు మీద పది నిమిషాలు ప్రయాణం చేసి ఫిలిమోన్ వసారా ముందు ఆపాడు. ఏటా గురి చూసుకునే రోజున ఫిలిమోన్ కూడా వచ్చేవాడు. ఈసారి కొండ కోసం మోకాలిని దాచుకుంటూ, కాలు బల్ల మీద చాపుకుని కూర్చున్నాడు.

"మందు ఎంత పోశావు?"

"నువ్వు చెప్పినంతే."

"కొంచెం తగ్గించు. తుపాకీ ఎలా ఆనించావు?"

"ఎప్పట్లాగే, తూము దగ్గరే."

"సరే."

మందు తగ్గించి మరో మూడు పేల్చాడు. పళ్ళెం అలాగే నవ్వుతూ ఉంది. మళ్ళీ వసారా. "గుడ్డకు రాసే కొవ్వు మార్చి చూడు" అన్నాడు ఫిలిమోన్. దానికోసం ఎలిబెర్తో ఇంటికెళ్ళి, మొక్కజొన్న పిండితో చేసే తమాలేల కోసం ఓరాలియా తీసిపెట్టుకున్న పందికొవ్వు గిన్నెలో రెండు వేళ్ళు ముంచాడు.

"ఆ చేతుల్తోనా! తుపాకీమందు వాసన కొడుతున్నాయి!"

"వేట కోసమే ఓరాలియా."

"అయితే ఆ తమాలేలు దుప్పికే పెట్టు. మనుషులు తినరు."

పందికొవ్వుతో ఐదు. మొత్తం పదకొండు దెబ్బలు. పళ్ళెం మీద ఒక ఈగ వాలింది తప్ప మరేమీ తగల్లేదు. మూడోసారి ఫిలిమోన్ దగ్గరికి వెళ్ళినప్పుడు, గడ్డిలో పడిన కాలిన గుడ్డముక్కలన్నీ టోపీలో ఏరుకుని తీసుకెళ్ళాడు. ఫిలిమోన్ వాటిని ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూశాడు.

"చిరగలేదు. మాడలేదు. మందు సరిపోయింది, కొవ్వు సరిపోయింది, గుండు బిగువు సరిపోయింది."

"మరి?"

"ఇక మిగిలినవి రెండే" అని ఆగాడు ఫిలిమోన్. ఒకటి తను చేసిన తుపాకీ గొట్టం. రెండోది అవతలివాడి కళ్ళు. ఇద్దరూ మర్యాదస్తులు కావడంతో కాసేపు సాంగ్రె దె క్రిస్తో కొండల వైపు చూస్తూ కూర్చున్నారు.

"కాఫీ తాగు బావా" అన్నాడు ఫిలిమోన్ చివరికి.

ఈ పదకొండు దెబ్బలనూ లెక్కపెట్టిన మనిషి ఇంకొకరు ఉన్నారు. కాలువ అవతలి గట్టు మీద, ఊరంతా పెద్దావిడ అన్న గౌరవంతో 'దోన్యా' అని పిలిచే దోన్యా సెనాయిదా చిక్కుడు తోట ఉంది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు, చూపు మాత్రం డేగ చూపు. దెబ్బ తర్వాత దెబ్బ వినిపిస్తున్నా పళ్ళెం తెల్లగానే ఉండటం చూసి ఆమె మనసు కరిగిపోయింది. నిజానికి ఆమెది మంచి మనసు. ఆ మంచి మనసుతోనే పోస్టాఫీసుకు వెళ్ళి, "పాపం, ఎలిబెర్తోకి కళ్ళు పోయాయి" అని చెప్పింది.

వాళ్ళ శాన్ ఇసిద్రో లాంటి చిన్న ఊళ్ళో ఒక మనిషి కళ్ళు పోవడం అతని సొంత సంగతే. కానీ ఎలిబెర్తో ఇరవై రెండేళ్ళుగా కాలువకు మయోర్దోమో. ఎవరి పొలానికి ఎన్ని గంటల నీరో తేల్చి, తూము చక్రం తిప్పి, కొలబద్ద మీద అంగుళాలు చదివేది అతనే. మధ్యాహ్నానికల్లా ఊరందరికీ జూలై నెల గుర్తొచ్చింది. జూలైలో మా వంతు నీళ్ళు తక్కువొచ్చాయి కదూ అన్నారు ఒకరు. మాకూ అన్నారు ఇంకొకరు. ఆ జూలైలో వానలే లేవన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మూడు గంటలకు ఎలిబెర్తో ఉత్తరాలు తెచ్చుకోవడానికి వెళితే, దోన్యా సెనాయిదా అతని చెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించింది.

"మెల్లగా నాయనా. ఇక్కడ ఒక మెట్టు ఉంది."

"నాకు తెలుసు దోన్యా. ఆ మెట్టు కట్టింది నేనే."

"కట్టావయ్యా, చూపున్న రోజుల్లో. నా మాట విని ఈసారి కొండకు పోకు. దుప్పి అనుకుని ఎవరి గుర్రాన్నో కొడతావు."

వరసలో ఉన్న నలుగురూ కళ్ళు దించుకున్నారు. ఒకాయన తన వంతు వదిలేసి, ముందుకు వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ జాలి ఎలిబెర్తోకి కారం పూసినట్టు మండింది. ఇంటికి వెళ్ళాక ఎన్నిసార్లు తలుచుకున్నా వెనక్కి తీసుకోలేని మాట అప్పుడే నోటి నుంచి వచ్చింది.

"నా కళ్ళకేం కాలేదు! గొట్టమే వంకర! ఫిలిమోన్ చెయ్యి వణుకుతోంది, పని చెడింది!"

వంకర మాట తిన్నగా ప్రయాణించింది. అతను ఫిలిమోన్ వసారా చేరేసరికి తలుపు మూసి ఉంది. తట్టితే వేలెడు తెరుచుకుంది.

"బావా, అది ఏదో కోపంలో..."

"వంకర గొట్టంతో కొండెక్కడం ఎందుకులే బావా" అన్నాడు ఫిలిమోన్, ఎప్పటిలాగే మెల్లగా. "మోకాలు కూడా ఒప్పుకోవడం లేదు." తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. దఢాలున వేసినా బాగుండేదనిపించింది ఎలిబెర్తోకి.

ఆ సాయంత్రం ఓరాలియా రొట్టెలు చేసింది. పళ్ళెం అతని ముందు పెట్టి, "మా అన్నయ్య చెయ్యి ఎప్పుడు వణికింది? నా పెళ్ళిలో నీకు ఉంగరం అందించినప్పుడు కూడా వణకలేదు. నీ చెయ్యే వణికింది" అంది.

గురువారం సాయంత్రం కాలువ సభ కూడింది. చర్చి పక్క గదిలో ముప్ఫై కుర్చీలు, ఒకే ప్రశ్న. చూపు లేని మనిషి చేతిలో నీళ్ళు ఉండొచ్చా? ఎలిబెర్తో లేచి తన కళ్ళ గురించి చెప్పబోతుంటే వెనక తలుపు తెరుచుకుంది. కర్ర ఊతగా ఫిలిమోన్ వచ్చాడు. కూర్చోలేదు.

"కళ్ళు బాగానే ఉన్నాయి. తుపాకీ చేసింది నేను. గొట్టం వంకర పోయింది. నా చెయ్యి మునుపటిలా లేదు" అన్నాడు. ఊళ్ళో అతని చేత తుపాకీ చేయించుకోవాలని ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఆ ఇద్దరూ ముందు వరసలోనే ఉన్నారు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఎలిబెర్తోకి కనిపించింది. కళ్ళు అంత బాగా పనిచేస్తున్నందుకు అతనికి మొదటిసారి బాధ కలిగింది.

అతను లేవాల్సింది. "కాదు, ఆ మాట నాది, తప్పు" అనాల్సింది. అయితే సభ మొహాలు మెత్తబడుతున్నాయి, తన పదవి నిలబడేట్టు ఉంది, కుర్చీ కూడా సౌకర్యంగా ఉంది. కూర్చునే ఉన్నాడు. అతను లేచేసరికి ఫిలిమోన్ వెళ్ళిపోయాడు.

సభ అతన్ని మయోర్దోమోగా ఉంచింది. అయితే జాగ్రత్త కోసం, కళ్ళ డాక్టరు కాగితం తెచ్చేదాకా, తూము చక్రాన్ని విప్పి దోన్యా సెనాయిదా ఇంట్లో పెట్టాలని తీర్మానించింది.

శుక్రవారం పొద్దున ఎలిబెర్తో మళ్ళీ తూము దగ్గరికి వెళ్ళాడు. తుపాకీ ఎంత పైకి కొడుతోందో తెలిస్తే అంత కిందికి గురిపెట్టి, రేపు ఒక్కడే అయినా కొండెక్కొచ్చు. బుధవారం గొట్టాన్ని ఆనించిన ఇనుప చక్రం అక్కడ లేదు. మొండి కర్ర స్తంభం మాత్రం ఉంది. చలికోటు విప్పి, మడిచి స్తంభం మీద పెట్టి, దాని మీద తుపాకీ ఉంచి పేల్చాడు.

పళ్ళెం నడిబొడ్డున చిల్లు పడింది.

ఇంకోటి పేల్చాడు. మొదటి చిల్లు పక్కనే. మూడోది ఆ రెంటినీ కలిపేసింది. ఎలిబెర్తో గడ్డిలో చతికిలబడ్డాడు. ప్రతి ఏడూ ఫిలిమోన్ తన గొర్రెతోలు కోటు విప్పి ఆ చక్రం మీద పరిచేవాడు. చెక్కకు తుప్పు అంటకుండా తన తుపాకీని మురిపెంగా చూసుకుంటున్నాడని ఎలిబెర్తో ముప్ఫై ఏళ్ళూ లోలోపల నవ్వుకున్నాడు. గొట్టం ఇనుము మీద ఆనితే పేలగానే ఎగిరిపడుతుందని, గుండు ఆకాశం చూస్తుందని ఆ ఊళ్ళో పళ్ళు రాని పిల్లలకు కూడా తెలుసు. ఎలా ఆనించావని అడిగితే "ఎప్పట్లాగే" అని చెప్పాడు. ఎప్పట్లాగే అంటే ఫిలిమోన్ కోటుతో అని.

బండిని అంత వేగంగా అతను ఎన్నడూ నడపలేదు. ఫిలిమోన్ ఇల్లు తాళం వేసి ఉంది. వసారాలో ఓరాలియా కోళ్ళకు గింజలు వేస్తోంది.

"అన్నయ్య లేడు. అలమోసా ఆసుపత్రిలో ఎవరో ఆపరేషను మానుకుంటే చోటు ఖాళీ అయిందని నిన్న ఫోన్ చేశారు. వేట ఎటూ లేదుగా అని ఒప్పుకున్నాడు. తెల్లారకముందే పక్కింటివాళ్ళు తీసుకెళ్ళారు" అంది. "ఇప్పటికి కోసేసి ఉంటారు."

ఆసుపత్రిలో ఫిలిమోన్ మత్తు కళ్ళతో పైకప్పును చూస్తున్నాడు. నర్సు ఏమీ అడగకుండానే ఒక కుర్చీ లాగి వేసింది. ఆ పూట ఎలిబెర్తోకి దొరికిన మొదటి దయ అదే.

"గొట్టం తిన్నగా ఉంది బావా. మూడు గుండ్లూ ఒకే చిల్లులో."

"మరేమిటి?"

"తూము చక్రం మీద ఆనించాను. నీ కోటు లేకుండా."

ఫిలిమోన్ తల తిప్పి అతని మొహం చూశాడు. "ఇనుము మీదా?" అన్నాడు. "బావా... ఇనుము మీదా?" మంచం కదిలేంతగా నవ్వాడు. నవ్వితే మోకాలు నొప్పెట్టింది, నొప్పికి తిట్టాడు, తిట్టి మళ్ళీ నవ్వాడు. నర్సు వచ్చి ఇద్దర్నీ కసిరింది. నవ్వు ఆగాక ఫిలిమోన్ కట్టు కట్టిన కాలు వైపు చూశాడు. అప్పుడు ఇద్దరికీ నవ్వు రాలేదు.

"రెండు రోజులు ఆగాల్సింది నేను" అన్నాడు ఫిలిమోన్.

"రెండు నిమిషాలు నోరు మూసుకోవాల్సింది నేను" అన్నాడు ఎలిబెర్తో.

శనివారం వేట మొదలైంది. ఎలిబెర్తో ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, టోపీ తీసి, ఊరందరికీ వినపడేలా చెప్పాడు. ఫిలిమోన్ గొట్టం బాణంలా ఉందని, తన కళ్ళు కూడా బాగున్నాయని, తనే తెలివితక్కువగా ఇనుము మీద ఆనించానని. ఎదురుచూస్తున్న ఇద్దరూ తుపాకీలు చేయించుకుంటామని అక్కడికక్కడే అన్నారు. దోన్యా సెనాయిదా కళ్ళు ఒత్తుకుంది.

"ఇనుము మీద ఆనించకూడదన్న సంగతే మరిచిపోయాడంటే..." అని పక్కావిడ చెవిలో చెప్పి, తన తల మీద వేలితో మెల్లగా తట్టుకుంది. "కళ్ళే నయం, పాపం."

సోమవారం నుంచి ఎలిబెర్తో ఎక్కడ కనబడినా జనం తమ పేర్లు చెప్పి మరీ పలకరించడం మొదలుపెట్టారు.

ఆ వారమంతా అతను ఫిలిమోన్ మంచం దగ్గరే గడిపాడు. గడువు ఆఖరి రోజైన ఆదివారం ఫిలిమోన్ విసుక్కున్నాడు. "తొమ్మిదేళ్ళ చీటీ కుళ్ళిపోతోంది. పో ఇక్కణ్ణించి. వచ్చి నాకు చెప్పు" అన్నాడు. ఎలిబెర్తో ఒక్కడే వెళ్ళి, ఎప్పుడూ ఇద్దరూ కూర్చునే గట్టు మీద, పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చున్నాడు. పొద్దు వాలేవేళ, ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్న ఆస్పెన్ చెట్ల మధ్య నుంచి పెద్ద కొమ్ముల దుప్పి బయటికొచ్చి, అరవై అడుగుల దూరంలో పక్కకు తిరిగి నిలబడింది. కోటు మడిచి రాతి మీద పెట్టాడు. గురిముల్లు దుప్పి భుజం వెనక కుదురుగా నిలిచింది. చెయ్యి వణకలేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ క్షణంలో అడిగే మాటే, తల తిప్పకుండా, పక్క ఖాళీని అడిగాడు.

"ఇప్పుడా బావా?"

దుప్పి తలెత్తి, అతని వైపు చూసి, ఒక్క గంతులో చెట్లలోకి మాయమైంది.

తుపాకీలో మాత్రం ఏ లోపమూ లేదు.