వెండమ్మకి అభ్యంతరం లేదట

ఒక పెద్ద అడవిలో ఏం జరిగిందో చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఒక నాలుగడుగుల గాజు తొట్టి సంగతి. అందులో ఒక ప్లాస్టిక్ మొక్క ఉండేది. దాన్నే అడవి అనుకుని వినండి.

ఆ తొట్టి సర్వేయరు ఆదిశేషయ్యగారి హాల్లో, టీవీ పక్కన ఉండేది. అందులో పదకొండు సిక్లిడ్ చేపలు. చూడ్డానికి రంగురంగులుగా పెళ్ళివారిలా ఉండేవి. ఒకదాన్నొకటి చూసుకునే తీరు మాత్రం విడిది నచ్చని వియ్యాలవారి తీరే.

తొట్టి మధ్యలో రాళ్ళు పేర్చిన పెద్ద గుహ బండనీలం అనే మోటు చేపది. ఎలా వచ్చిందంటే, వాడు అందులో కూర్చున్నాడు గనక వచ్చింది. దగ్గరికెవరొచ్చినా తరిమి కరిచేవాడు. అయితే పదిమందిని కరవాలి గనక ఒక్కొక్కరికి రోజుకో కాటుకి మించి పడేది కాదు. అందరూ ఆ కాటేదో తినేసి మేతకి వెళ్ళిపోయేవారు. బాగుందని నేననను. రోజులైతే గడిచాయి.

ఆ గుహ మీద పసుపయ్యకి కన్ను పడింది. ఒళ్ళంతా పసుపు, బుర్రంతా రూల్సు. ఆదిశేషయ్యగారు ఫోన్లో హద్దులూ పట్టాలూ మాట్లాడుతుంటే గాజుకి మొహం ఆనించి మరీ వినేవాడు. బండనీలంతో కలబడే ఒళ్ళు తనకి లేదు. అందుకని మీటింగు పెట్టాడు.

"ఎన్నాళ్ళు ఈ దౌర్జన్యం? తొట్టంతా సర్వే చేయిద్దాం. ఎవరి చోటు వాళ్ళకి, ఎవరి హద్దు వాళ్ళకి. ఇక తగాదా అన్నదే ఉండదు," అన్నాడు.

అందరికీ తలకెక్కింది. గుమాస్తాగా సకర్ చేప జిగురయ్యని వేశారు. గాజుకి పట్టిన నాచు నాకి బతికే జీవి. ఒకసారి అతుక్కున్నాడంటే సీటు వదలడు, ఆ అర్హత చాలన్నారు. నాచులో గీతలు పడేలా నాకుతూ పోతే అదే రికార్డు.

పసుపయ్య ఒకే ఒక్క నిబంధన పెట్టాడు. ఏడు రోజుల్లోగా ప్రతి చేపా స్వయంగా వచ్చి, తనకే చోటు కావాలో నోటితో చెప్పుకోవాలి. చెప్పుకోనివారికి ఏ అభ్యంతరమూ లేనట్టే.

ఇక్కడ వెండమ్మ సంగతి చెప్పాలి. ఈ జాతిలో తల్లి గుడ్లని నోట్లోనే పెట్టుకుని పిల్లల్ని చేస్తుంది. మూడు వారాలు తిండి లేదు, మాట లేదు. వెండమ్మకప్పటికి పన్నెండో రోజు. ఇంకో పది రోజుల్లో పిల్లల్ని బయటికి వదలాలి. వదలాలంటే ఇంకెవరూ దూరలేని సందు కావాలి, లేకపోతే తొట్టిలో అందరూ కలిసి వాటిని మింగేస్తారు. కన్నతండ్రీ మినహాయింపు కాదు. ఆ తండ్రి బండనీలమే.

ఎడమవైపు రాళ్ళకింద చిన్న కన్నం ఒకటి చూసిపెట్టుకుందావిడ. దానికోసం రోజూ జిగురయ్య దగ్గరికి వెళ్ళేది.

"చెప్పమ్మా," అనేవాడు జిగురయ్య, నాకడం ఆపకుండా.

వెండమ్మ రెక్కతో కన్నంవైపు చూపించేది.

"సైగలు రాసే గడి లేదమ్మా ఇందులో. నోరు తెరువు."

ఒకరోజు పాపం నూలుపోగంత తెరిచింది. బుల్లి తల ఒకటి బయటికి తొంగిచూసింది. గబుక్కున లోపలికి పీల్చుకుని మూసేసింది.

"ఇవాళా చెప్పలేదు. రేపు రామ్మా," అన్నాడు జిగురయ్య. వాడిలో దయ లేకపోలేదు, ఆ దయ రాసుకునే గడి లేదంతే.

ఏడో రోజు సాయంత్రం పట్టాలు ఇచ్చేశారు. తనదాన్ని తాను అడగడమేమిటని బండనీలం దరఖాస్తే పెట్టలేదు. వాడికి ఫిల్టరు నీళ్ళు పడే చోటు ఇచ్చి, పెద్ద గుహ పసుపయ్య పేర రాశారు. ఎడమవైపు కన్నం పసుపయ్య బావమరిదికి వెళ్ళింది. దాని పక్కన జిగురయ్య, 'వెండమ్మకి అభ్యంతరం లేదు' అని నాకాడు.

మర్నాడు పొద్దున్నుంచీ మొదలైంది. చోటు లేని చేప కాటు తిని పారిపోతుంది. చోటున్న చేప తిరగబడుతుంది. ఇప్పుడు వెండమ్మకి తప్ప అందరికీ చోటుంది. మేత గింజ ఒకటి హద్దుమీద పడితే చాలు, అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ. రోజుకో కాటు తినేవాళ్ళు గంటకి నాలుగు తినసాగారు. బండనీలం మేతకి వెళ్ళిన సమయం చూసి గుహలో దూరిన పసుపయ్య, కదిలితే ఎవడు దూరతాడోనన్న భయంతో మేతకే వెళ్ళలేదు. పట్టా పెట్టుకుని పస్తున్నాడు. బండనీలం వచ్చిపోతూ వాడి తోక సగం కొరుక్కుపోయాడు.

వెండమ్మ ప్లాస్టిక్ మొక్క వెనక నక్కింది. పొట్ట వీపుకి అంటుకుపోయి, ఒంటి మెరుపంతా పోయి, బుగ్గలు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

వెండమ్మకి ఇరవై రెండో రోజున ఆదిశేషయ్యగారి భార్య రాజ్యలక్ష్మిగారు తొట్టి ముందు నిలబడి చూశారు.

"ఏవండీ, ఇవి తన్నుకు చచ్చేలా ఉన్నాయి. ఆ రాళ్ళు తీసి మార్చరాదూ."

"హద్దులన్నాక నాలుగు రోజులు గొడవుంటుందే. వాటంతటవే సర్దుకుంటాయి," అన్నారాయన పేపరు చాటునుంచి.

"మీ ఆఫీసులో సర్దుకున్నాయా?"

ఆయన పేజీ తిప్పారు. ఆవిడే చెయ్యి పెట్టి రాళ్ళన్నీ తీసి, కొత్తగా పేర్చి, పనిలో పనిగా గాజుకున్న నాచంతా శుభ్రంగా తుడిచేశారు.

నీళ్ళు తేటపడేసరికి ఎవరి గుహ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పట్టాలు చూద్దామంటే రికార్డే లేదు. వెండమ్మ తప్ప పదిమందీ జిగురయ్య మీద పడ్డారు. నాచు పోయి నాకడానికేమీ లేని జిగురయ్య, అందరినీ మొదట్నుంచీ నోటితో చెప్పుకోమన్నాడు. అందరూ ఒకేసారి చెప్పుకోసాగారు.

ఆ గోలలో వెండమ్మ నెమ్మదిగా జారుకుంది. మూలన రెండు రాళ్ళ మధ్య కొత్తగా ఒక సందు ఏర్పడింది. బక్కచిక్కిపోయింది గనక ఆవిడ పట్టింది. లోపలికెళ్ళి నోరు తెరిచింది. పదిహేడు పిల్లలు, ఆవగింజంత కళ్ళేసుకుని, ఒక్కొక్కటే బయటికొచ్చాయి. బతికిపోయాయనుకున్నాను నేను.

ఇంతలో పసుపయ్య సగం తోకతో ఈదుకుంటూ వచ్చాడు.

"ఎవరి అనుమతితో దిగావిక్కడ? ఏడు రోజులు టైమిస్తే ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడేమన్నా చెప్పేదుంటే చెప్పు," అంటూ తల సందులోకి దూర్చాడు.

వెండమ్మ నోరు ఇరవై రెండు రోజుల తర్వాత ఖాళీ అయింది. అన్ని రోజుల ఆకలి కూడా ఆవిడ దగ్గరే ఉంది. పసుపయ్య మూతి కొంత సందులోనే ఉండిపోయింది, మిగతా పసుపయ్య వెనక్కి వెళ్ళాడు. సంగతేమిటని వచ్చిన బండనీలం, వాడి మొహం చూసి, తనకి వేరే పనుందని తిరిగిపోయాడు.

నీతి: ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాసుకునేముందు, వాళ్ళ నోరు ఖాళీగా ఉందో లేదో కాస్త దూరం నుంచే చూసుకోవాలి.