పెళ్ళిలో పెళ్ళి మాట ఎత్తవద్దు

కూతురి పెళ్ళి ఇంకా పది రోజులు ఉందనగా, ఆ ఉదయం కూర్మనాథం మాస్టారు కాఫీ తాగి ఒక్క పనే పెట్టుకున్నారు. బంధువులందరికీ ఫోన్ చేసి ఒక మాట చెప్పాలి.

ఆ మాట వెనక నాలుగేళ్ళ బాధ ఉంది. ఒక చుట్టాల పెళ్ళిలో, నిండు పంక్తిలో, కొడుకు శ్రీనాథ్‌ను "నీ పెళ్ళెప్పుడురా? నా పరువు తీద్దామనా?" అని నిలదీసింది ఆయనే. శ్రీనాథ్ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. మళ్ళీ సొంతూరు గజపతినగరంలో అడుగు పెట్టలేదు. విశాఖలో పాల్ అనే అతనితో జీవితం పంచుకుంటున్నాడని తర్వాత కూతురు కౌముది చెప్పింది. మాస్టారికి కోపం వచ్చింది, కొన్నాళ్ళకు పోయింది. కొడుకు లేని లోటు మాత్రం పోలేదు.

"అన్నయ్య, పాల్ ఇద్దరూ ఈ సాయంత్రమే వస్తన్నారు నాన్నా," అంది కౌముది. "మళ్ళీ ఎవరైనా ఆ మాట అడిగితే ఇంక ఈ జన్మకి రాడు. సూసుకోడం నీ పని."

మాస్టారు ముందుగా బొబ్బిలిలో ఉన్న కుమారి అత్తకు ఫోన్ చేశారు.

"అత్తా, మా ఇంటికొచ్చినప్పుడు ఎవరినీ పెళ్ళి గురించి అడక్కు."

"పెళ్ళికొచ్చి పెళ్ళి గురించి కాకపోతే ఏటడుగుతానురా?"

"వర్షాల గురించి అడుగు."

"ఎందుకూ?"

ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పిన మనిషి "అడక్కంతే," అని పెట్టేశారు. మరో పదకొండు ఇళ్ళకూ అదే వరస.

కారణం చెప్పని మాటకు కారణాన్ని ఊరే కల్పిస్తుంది. పెళ్ళి మాట ఎత్తొద్దంటే పెళ్ళిలోనే ఏదో తేడా ఉందని బొబ్బిలి తేల్చింది. పదకొండు గంటలకు ఆ పుకారులో పెళ్ళికొడుకు ఎవరినో ప్రేమించాడు. భోజనాల వేళకు ఆమెను పెళ్ళాడేశాడు. మూడింటికి, ఇద్దరు పిల్లలతో సహా ఆ సంసారం చీపురుపల్లిలో మగపెళ్ళివారి ఇంటికే చేరింది.

సాయంత్రం పెళ్ళికొడుకు తండ్రి తిరుమలరావు రెండు కార్ల పెద్దమనుషులతో దిగాడు. ఏం జరుగుతుందో చూడాలని కుమారి అత్త అప్పటికే బస్సెక్కి వచ్చేసింది.

"బావగారూ, మావోడికి ఓ పెళ్ళాం, ఇద్దరు పిల్లలూ ఉన్నారట. పెద్దపిల్ల రెండో తరగతట. మీవోళ్ళే అంతన్నారు. నమ్మకం లేకపోతే ఇప్పుడే సెప్పీండి, తాంబూలాలు తిరిగిచ్చేస్తాం."

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. శ్రీనాథ్, పాల్ దిగి, ఇంటి ముందు గుంపును చూసి అక్కడే నిలబడిపోయారు.

పెళ్ళి మాట ఎత్తొద్దని జ్యోతిష్కుడు చెప్పాడంటే సరిపోయేది. ఆ అబద్ధం మాస్టారి నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ శ్రీనాథ్ చేతిలోని బ్యాగు ఇంకా కింద పెట్టలేదు. అది ఇప్పుడు దిగకపోతే మరెప్పుడూ దిగదని ఆయనకు అర్థమైంది.

"పెళ్ళి మాట ఎత్తొద్దని మావోళ్ళకి సెప్పింది నేనే బావగారూ. మీ అబ్బాయి గురించి కాదు, మావాడి గురించి. శ్రీనాథ్, పాల్ ఇద్దరూ ఆలుమగల్లాగే కలిసి బతుకుతన్నారు. ఒకసారి నలుగురిలో వాణ్ణి నేనే ఏడిపించాను. ఇంకెవరూ ఏడిపించకూడదని అడగొద్దన్నాను. ఎందుకో సెప్పడానికి నోరు రాలేదు. తప్పు నాది."

 తిరుమలరావు ముందు తన లెక్క తేల్చుకున్నాడు.

"అయితే మావోడికి పెళ్ళాం లేదన్నమాట."

"లేదు."

"పిల్లలు?"

"లేరు."

తిరుమలరావు తువ్వాలుతో ముఖం తుడుచుకుని కుర్చీలో కూలబడ్డాడు. "మా ఆవిడ మూడింటినుంచీ వాణ్ణి గదిలో పెట్టి అడుగుతన్నాది. ఆ గొడవ ముందు ఇదెంత బావగారూ. బాబూ, ఆ గేటుకాడే ఉండిపోయారేటి? లోపలికి రండి."

శ్రీనాథ్ వచ్చి అరుగు మీద బ్యాగు పెట్టాడు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు, తీయలేదు.

కుమారి అత్త పాల్‌ను పక్కన కూర్చోబెట్టుకుంది. విశాఖలో వర్షాలు పడ్డాయా అని అడిగింది. పడ్డాయన్నాడు. బాగా పడ్డాయా అంది. బాగానే అన్నాడు. ఆపైన ఆవిడ వల్ల కాలేదు.

"అది సరే గానీ బాబూ, మీ ఇద్దరి పెళ్ళెప్పుడు?"

అడగొద్దని పన్నెండు ఇళ్ళకు ఫోన్ చేసిన మాస్టారు, జవాబు సరిగా వినబడేలా కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.