కొండ మీద సర్కారువారి దృశ్యం

లోమా పార్దా కొండ వరస మీద నుంచి ఏడాదిలో మూడొందల అరవై అయిదు రోజులూ స్పష్టమైన దృశ్యం కనపడుతుందని పర్యాటక మంత్రి దోన్ ఎవరిస్తో సభలో ప్రకటించారు. అప్పటిదాకా ఆ సంగతి కొండకు తెలియదు.

ఇరవై రెండేళ్లుగా ఆ కొండ వెన్ను మీద యాత్రికులను నడిపిస్తున్న గైడు దోన్య దెల్ఫినాకూ తెలియదు. నాచు పట్టిన ఓక్ చెట్లలో కెట్జల్ పిట్ట ఎక్కడ వాలుతుందో ఆమెకు తెలుసు. మధ్యాహ్నం రెండింటిదాకా పొగమంచు కదలదనీ తెలుసు.

కొత్త వ్యూపాయింటు ప్రారంభోత్సవం శనివారం పొద్దున తొమ్మిదికి పెట్టారు. ఆ వేళకి చెయ్యి చాస్తే చెయ్యే కనపడదని, రెండు దాటాక పెట్టుకోమని ఆమె వెళ్లి పర్యాటక శాఖ అధికారి కుబాస్‌కు చెప్పింది.

"కార్డులు అచ్చయిపోయాయి దోన్యా" అన్నాడాయన.

కుబాస్ చేతల మనిషి. రెయిలింగు ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టించి, దాని మీద దృశ్యం వేయించాడు. శాఖ దగ్గరున్న లోమా పార్దా ఫొటోలన్నీ పొద్దుటి సభల్లో తీసినవి కావడంతో తెల్లగానే ఉన్నాయి. అందుకని బొమ్మ ఒక క్యాలెండరు నుంచి తీసుకున్నారు. హిమశిఖరాలు, చెక్క ఇల్లు, మెడలో గంటలతో ఆవులు.

మంత్రిగారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశారు. తన చిన్నప్పుడు ఇక్కడ హిమం పడేది కాదని, ఇదంతా తమ ప్రభుత్వం వచ్చాకేనని విలేకరులకు చెప్పారు. అందరూ బలెయాదా రొట్టెలు తిని దిగిపోయారు.

రెండింటికి పొగమంచు విడిపోయింది. దెల్ఫినా తన వెంట వచ్చిన నలుగురిని ఫ్లెక్సీ పక్కగా అంచుకు తీసుకెళ్లింది. వాళ్లు చూస్తుండగా కాపలా పోలీసు వచ్చి, అటుపక్కది అధికారిక దృశ్యం కాదని, వెనక్కి జరగమని అన్నాడు. సోమవారం నోటీసు వచ్చింది: అనుమతి లేని దృశ్యం చూపించినందుకు గైడు లైసెన్సు రద్దు.

ఆమెకు వేరే పని రాదు. నేరుగా కుబాస్ ఆఫీసుకు వెళ్లింది.

"ఒక్కసారి వచ్చి చూడు బాబూ. ఆ తర్వాత నీ ఇష్టం."

కుబాస్ మంచివాడే. ఆ మధ్యాహ్నమే ఆమె వెంట కొండెక్కాడు. పదకొండేళ్ల ఉద్యోగంలో అదే మొదటిసారి రెండు దాటాక అక్కడ నిలబడటం. తెర తీసినట్టు లోయ బయటపడింది. అడుగున సరస్సు, దాని మీద మేఘాల నీడలు, ఆ పైన కొండ వెనక కొండ, నీలం వెనక నీలం. కుబాస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. దెల్ఫినా ఆశగా ఆయన ముఖంలోకి చూసింది.

"చాలా బాగుంది దోన్యా" అన్నాడు మెల్లిగా. జేబులోంచి పెన్ను తీశాడు. "దీన్ని ఎవరు మంజూరు చేశారు?"